రంగుల విరూపణ్ణకు

ఓ కప్పు మీది కోశాధికారీ! సున్నపు గారపై నిలిచిన సొగసుకాడా! జేగురు వెలుగులో పొడవాటి కుళ్లాయి పెట్టుకొని, చల్లని చీకట్లో చూపు నిలుపుకొని, దగ్గరదగ్గర అయిదు వందల ఏళ్లుగా అడుగు తీసి అడుగు వేయని నిబ్బరమా! నీకు దండం. లేపాక్షికి వచ్చినవాళ్లు వీరభద్రుడికి మొక్కుతారు. ఏడు పడగల నాగలింగానికి మొక్కుతారు. ఒక్క బండలో ఒదిగిన బసవన్నకు మొక్కుతారు. నేలకు ఆనీ ఆనని స్తంభం కింద తువ్వాలు దూర్చి మురిసిపోతారు. నేను నీకోసం వచ్చాను. నువ్వు దేవుడివి కావు, దేవుడి వాకిట నిలబడ్డ మనిషివి. ఆమాటకొస్తే మనిషివీ కావు, ఒక మనిషికి రంగుల్లో పుట్టిన మారుమనిషివి. నా మొక్కు ఆ మారుమనిషికే.

తనకల్లు నుంచి వచ్చాను సామీ! కదిరి మల్లెల వాసన దాటి, ఓబుళదేవరచెరువు దాటి, గోరంట్ల దాటి, హిందూపురం సందడి దాటి వస్తుంటే దారి పొడవునా నీ రంగులే ఆరబోసి ఉన్నాయి. దున్నిన చేలల్లో నీ వెనుక పరిచిన ఎరుపు. పీకి కుప్పేసిన సెనక్కాయ కట్టెలో నీ మేని పసుపు. గుండ్ల నెర్రెల్లో నిలిచిన నలుపులో నీ కనుబొమ్మ గీత. పాపాగ్ని ఇసుకలో నీ పంచె తెలుపు. ఎక్కడో ఒకచోట, బోరు ఇంకా ఎండిపోని గట్టున, బెత్తెడు మడిలో నీ ఉత్తరీయపు పచ్చ. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే సీమ మాది. అదీ అడిగిననాడు కురవదు. విత్తనం పడ్డాక మొహం చాటేస్తుంది, కాయ పీకేనాడు కుండపోతగా దిగుతుంది. ఆకాశం మాకు తరతరాల బాకీదారు. ఇంత పిసినారి నేలను పిండి ఇన్ని వన్నెలు ఎవరు తీశారు? ఎర్రమన్ను నూరి ఎరుపు, పచ్చమన్ను నూరి పసుపు, దీపం మసి పట్టి నలుపు, సున్నం నానబెట్టి తెలుపు తీసిన చెయ్యి ఎవరిది? నీలం మాత్రం అరుదు. నీళ్ల రంగు మా నేలకు ఎంత కరువో నీ కప్పుకూ అంత కరువే. అక్కడే నువ్వు నాకు చుట్టమైపోయావు.

నీ మూలపురుషుడికి పేరుంది, ఊరుంది, తండ్రి పేరుంది. నంది లక్కిసెట్టి కొడుకు, వీరణ్ణకు అన్న, 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలిన అచ్యుతదేవరాయల కాలపు పెద్ద ఉద్యోగి, పెనుకొండ కోశాగారానికి కాపలా చూపు. తాబేలు వీపులాంటి కూర్మశైలం మీద 1530లలో ఈ గుడిని నిలబెట్టినవాడు. ఆయన చేతి కింద ఎన్ని వరహాలు మారాయో, ఎన్ని సంచుల మూతులు బిగిశాయో, ఎందరు కరణాలు చేతులు కట్టుకు నిలబడ్డారో! ఆ వరహాలు కరిగాయి. ఆ సంచులు చివికాయి. పెనుకొండ కోట బురుజుల మధ్య గడ్డి మొలిచింది. మిగిలినవాడివి నువ్వు! గవ్వ విలువ చెయ్యని మన్నుతో, కాణీ ఖరీదు లేని మసితో, ఇంటింటా ఉండే సున్నంతో అయినవాడివి నువ్వు!

ఎంత అందంగా నిలబడ్డావయ్యా! తలమీద పూల పనితనం మెరిసే నిలువు కుళ్లాయి. చెవులకు పోగులు. మెడలో హారాలు. భుజం మీంచి జారి, నడుము దగ్గర సుడి తిరిగి, మోకాలి దగ్గర మళ్లీ విచ్చుకున్న ఉత్తరీయం. నుదుట విభూతి. ముక్కు కోసుగా, గడ్డం కుదురుగా, పక్కకు తిరిగిన ముఖంలో చేపలా ఈదే కన్ను. నీ వెంట తమ్ముడు, తమ్ముడి వెంట పరివారం, ఒకరి భుజం వెనక ఇంకొకరి భుజం, ఒక కుళ్లాయి వెనక ఇంకొక కుళ్లాయి, అలల్లా వరసలు. ఎదుట పూజారి చెయ్యి చాచి విభూతి ఇస్తున్నాడు. నువ్వు పుచ్చుకుంటున్నావు. రాజ్యమంతా నీకు చెల్లించింది, నువ్వు అందరికీ పంచిపెట్టావు. ఈ ఒక్కచోట నువ్వే చెయ్యి చాచావు! ఆ చాచిన చేతిలో పడబోయేది పిడికెడు బూడిద. బూడిదను అందుకునే వేళ నీ ముఖంలోకి వచ్చిన వెలుగు బంగారాన్ని లెక్కపెట్టే ఏ ముఖంలోనూ నేను చూడలేదు.

గర్భగుడి ముందరి కప్పు మీద ఇంకోసారి కనబడతావు. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున వీరభద్రుడు కప్పంతా తానై పరుచుకున్నాడే, ఆ మహారౌద్రపు పాదాల దగ్గర, గోరంత మనుషులుగా, చేతులు జోడించుకొని నువ్వూ నీ తమ్ముడూ. అక్కడ చూస్తే నువ్వింత. ఇక్కడ చూస్తే నువ్వంత. కట్టించినవాడివి నువ్వే, కూలిచ్చినవాడివి నువ్వే. అయినా బొమ్మ గీసినవాడు నిన్ను దేవుడి చిటికెనవేలికి సరిపోయేటంత చిన్నవాణ్ణి చేశాడు. నువ్వు ఊరుకున్నావు! జీతమిచ్చేవాడి ముఖం చూసి కుంచె వంగలేదు, కుంచె చూసి జీతమిచ్చేవాడు కళ్లెర్ర చెయ్యలేదు. ఈ ముచ్చట తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నిన్ను చూడాలంటే ఎంత తపస్సు! మెడ వెనక్కి విరవాలి. నోరు తెరుచుకుంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తల తిరుగుతుంది. చివరికి సిగ్గు విడిచి చల్లని బండ మీద వెల్లకిలా పడుకోవాలి. అప్పుడు నువ్వు దిగివస్తావు. అధికారి ముందు తల వంచడం మాకు అలవాటే. తాలూకా ఆఫీసు గడపలో వంచాం, బ్యాంకు గుమ్మంలో వంచాం, కరువు పనుల మస్టరు ముందు వంచాం. తల ఎత్తి చూడమన్న అధికారివి నువ్వొక్కడివే. నిన్ను చూసేవాడు పైకి చూడాలి, నువ్వు మాత్రం ఎప్పటికీ దేవుడి వైపు వినయంగానే ఉండాలి. ఈ ఏర్పాటు చేసిన చేతికి ఎంత చమత్కారం!

నీ ఇరుగుపొరుగు ఎవరని చెప్పను? ఒక అంకణంలో శివుడికి పార్వతినిచ్చి పెళ్లి చేస్తున్నారు. ఒక అంకణంలో ఆ దంపతులే పాచికలాడుతున్నారు. ఒకచోట ద్రౌపది స్వయంవరం, మత్స్యయంత్రం కింద అర్జునుడు విల్లెత్తాడు. ఇంకొకచోట ఆ అర్జునుడే కిరాతుడితో కలబడ్డాడు. మర్రాకు మీద పడుకున్న చిన్నికృష్ణుడు మనం ఏ మూలకు నడిస్తే ఆ మూలకు చూపు తిప్పుతాడని చెబుతారు. ఆ వరసల్లో ఆడవాళ్లు! ఎన్ని చీరలు, ఎన్ని అంచులు, ఎన్ని పొడలు, గళ్లు, తీగలు, పూలు, హంసలు! పక్కకు దువ్వి ముడిచిన కొప్పుల్లో ఎన్ని దండలు! తడి ఎరుగని గుట్టల నడుమ ఇంత పూలతోట ఈ కప్పుమీద పూసింది. దేవతలు పెళ్లాడుతుంటే, వీరులు విల్లెత్తుతుంటే, సుందరులు సింగారించుకుంటుంటే, వాళ్ల మధ్య నువ్వొక లెక్కల మనిషివి! పురాణం పక్కన పద్దు! కైలాసం పక్కన కచేరీ! అయినా ఒక్క గీత పరాయిది కాలేదు. పార్వతి చీర అంచును తీర్చిన ఆ ఓపికే నీ కుళ్లాయి పువ్వునూ తీర్చింది.

ఇక నీ కన్ను సంగతి.

జనం చెప్పే కథ నువ్వూ విని ఉంటావు. రోజూ నీ కిందనే చెబుతుంటారు గదా. రాయలు లేని వేళ కోశధనం గుడికి పోసేశాడని చాడీలు పుట్టాయట. తిరిగొచ్చిన రాజు కళ్లు పెరికించమన్నాడట. ఆ మాట చెవిన పడీ పడగానే, భటుల చెయ్యి తన మీద పడకముందే, విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడట. కప్పు పడని కల్యాణమండపం దగ్గర ఆ గోడ మీది ఎర్రటి మరకలు ఇవేనంటూ వేలు పెట్టి చూపిస్తారు. ఎందరో నిట్టూరుస్తారు. నేను ఆ గోడ దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. మరకలో కన్నును వెతకడం దేనికి, కప్పు మీద కన్ను తెరుచుకొని ఉండగా? కథలో రాజు పెరికించమన్న కన్నును చిత్రకారుడు తన బొమ్మలో దాచిపెట్టాడు. రాజుకు అందని ఎత్తులో, భటుడికి తెలియని రంగులో, నల్లని గీత గట్టు కట్టిన చిన్న చెరువులా దాచిపెట్టాడు. ఎన్ని ఎండలు కాసినా ఇంకిపోని చెరువు మా జిల్లాలో అదొక్కటే!

ఓ కన్నా! కలువరేకువా, కత్తివాదరవా? లెక్క చూసిన కన్నువా, లెక్క మరిచిన కన్నువా? నీలో భయం లేదు, గర్వం లేదు. ఏమీ అడగని చూపు నీది. నిన్నింత నిమ్మళంగా తీర్చడానికి ఆ చెయ్యి ఎంత నిమ్మళంగా ఉండి ఉండాలి! కర్రలు కట్టిన మంచె మీద, కప్పుకు ముఖం ఆనించి, గార తడి ఆరిపోతుంటే, సున్నపు చుక్కలు రెప్పల మీద రాలుతుంటే, ఒక్క ఊపిరి బిగపట్టి ఒకే విసురుగా లాగిన గీత నువ్వు. వెల్లకిలా పడుకొని నేను నిన్ను చూస్తున్నాను. నిన్ను గీసినవాడూ మెడ వెనక్కి వాల్చుకొని నిన్ను తీర్చినవాడే. నీ వల్ల మా ఇద్దరి మెడలకూ ఒకే నొప్పి, మా ఇద్దరి కళ్లకూ ఒకే ఆకాశం.

అతని పేరేమిటి? కట్టించినవాడి పేరు రాతి మీదుంది. ఏలినవాడి పేరు రాతి మీదుంది. దానమిచ్చిన భూముల సంగతి రాతి మీదుంది. ఆ గీత లాగినవాడి పేరు మాత్రం నోట పలికేవాళ్లు లేరు. ఒక్కడా, పదిమందా? తండ్రి గీస్తే కొడుకు రంగు నింపాడా? రంగు నూరిన ఆడమనిషి ఎవరు? నీ ముఖం తీర్చేముందు అసలు విరూపణ్ణ వచ్చి ఎదుట కూర్చున్నాడా, లేక గుడికి వచ్చిపోయే దారిలో ఆయనను దూరంనుంచి చూసి గుర్తుపెట్టుకున్నారా? కుళ్లాయి మోసిన తలకు ఒక చరిత్ర ఉంది, కుంచె మోసిన చేతికి చరిత్ర లేదు. అందుకే నేను గట్టిగా అంటాను: నువ్వు విరూపణ్ణవి కావు! విరూపణ్ణ వేషం కట్టుకున్న ఆ పేరులేనివాడివి. ఆ కన్ను కోశాధికారిది కాదు, కోశాధికారిని చూసినవాడిది.

సముద్రం వైపు చూస్తే అక్కడా ఇదే కథ. 1605లో మచిలీపట్నం రేవులో కాలుపెట్టిన డచ్చి కంపెనీ మన కలంకారీ గుడ్డలకు మనసు పారేసుకుంది, ఆ తర్వాత మన బొమ్మలకూ పారేసుకుంది. గోల్కొండ ఇంకో ఏడాదిలో కూలుతుందనగా, 1686 ప్రాంతంలో, అక్కడి పేరులేని చిత్రకారులు సుల్తానుల ముఖాలు, మొగలు పాదుషాల ముఖాలు, శివాజీ ముఖం కాగితాల మీద దించారు. అలాంటివి 49 బొమ్మలు ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్ద నికొలాస్ విట్సెన్ సంపుటంలో చేరాయి. ఇవాళ రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి. సంపుటానికి కొన్నవాడి పేరు, బొమ్మలో ఉన్నవాడి పేరు! అటు బటావియాలో డచ్చివాళ్లు తమ గవర్నర్ జనరళ్ల పటాలను వరసగా వేలాడదీసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దానికి పొడి చల్లిన విగ్గులు, బంగారు బొత్తాలు, బల్ల మీద ఆనించిన తెల్లటి వేళ్లు. ఆ పటాలకు నకళ్లు, నకళ్లకు నకళ్లు తీసిన కుంచెలు మళ్లీ పేరులేనివే. మన భీమిలిలో, బందరులో వాళ్ల గోరీలు చూస్తే తిరగేసిన లెక్క: రాతి మీద పేరుంటుంది, వంశముద్ర ఉంటుంది, ముఖం ఉండదు. ఎంత దూరాలు తిరిగినా అధికారి ముఖం ఒక అనామకుడి అరచేతిలోనే భద్రం. కాగితం ముఖాలు ఓడెక్కి పోయాయి. నువ్వు కదల్లేదు. కప్పు రాతికి అతుక్కుపోయిన నిన్ను ఏ ఓడ మోస్తుంది, ఏ దొర కొంటాడు? నిన్ను చూడాలంటే మా ఎండలోకి రావలసిందే.

ఆ ఎండను నేను ఎంత తిట్టుకున్నానో! బావులు తాగేసిందని, చేలు మాడ్చేసిందని, మావాళ్లను బెంగళూరు బస్సెక్కించిందని తిట్టుకున్నాను. నీ కింద పడుకున్న కాసేపట్లో ఒక అనుమానం మొలకెత్తింది. తడి తగిలితే సున్నం ఉబ్బుతుంది, రంగు పొలుసులుగా లేస్తుంది. నాలుగు చినుకులకే మొహం వాచిన ఈ సీమలో తడికి తీరికెక్కడిది? మా గొంతు ఎండబెట్టిన గాలే నీ చెంప మీద రంగును ఆరబెట్టి కాపాడిందేమో! మా గింజకు దక్కని కరుణ నీ గీతకు దక్కిందేమో! ఈ తలపు నన్ను ఓదార్చిందని చెప్పలేను. సెనక్కాయ రైతుకు బొమ్మ కూడు పెట్టదు. కాని తిట్టు మధ్యలో ఆగింది.

పూర్తిగా కాపాడిందనీ అనలేను. ఎక్కడెక్కడో పెచ్చులు ఊడాయి. ఎవరి మోచేతి దగ్గరో తెల్లటి సున్నం బోసిగా నవ్వుతోంది. ఒక ఏనుగుకు తొండం మాసింది, ఒక చెలికత్తెకు పాదాలు చెరిగాయి, దీపాల పొగ ఒక పెళ్లిపందిరిని మసకబార్చింది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కాపలా ఉంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ గుడీ, ఆ నందీ చేరాయి. చేరనీ. జాబితాలు నీకు కొత్తా, జాబితాలు రాయించిన వంశమే గదా నీది! చెరిగిన చోట్లే నాకు మరీ ముద్దు. అక్కడ గార కనబడుతుంది, గార మీద మొదటి ముతక గీత కనబడుతుంది, రంగుకు ముందరి తడబాటు కనబడుతుంది. నువ్వింకా పుడుతున్నట్టు ఉంటుంది.

మా కదిరి పక్కనే కటారుపల్లిలో వేమన్న సమాధి ఉంది. రాతికి మొక్కేవాళ్లను చూసి నవ్విన మనిషి ఆయన. రంగుకు మొక్కే నన్ను చూస్తే ఇంకెంత నవ్వేవాడో! నవ్వనీ. ఆ నవ్వు విన్నాక కూడా లేచిపోబుద్ధి కాలేదు.

ఓ జేగురు జాణా, ఓ సున్నపు సిరీ! నీ నకళ్లు ఊరూరా తిరుగుతున్నాయి, తెలుసా? నీ పక్కింటి ఆడవాళ్ల చీరల అంచులు ధర్మవరం మగ్గాల మీదికి దిగాయి. నీ కప్పు మీది తీగలు హస్తకళల దుకాణాల పెట్టెలకెక్కాయి, ఆ దుకాణాలకు నీ ఊరి పేరే పెట్టారు. పెళ్లికూతురు భుజం మీద, కల్యాణమండపం తెరమీద, క్యాలెండరు అట్టమీద నీ కాలపు పువ్వు పూస్తూనే ఉంది. నకలు చిన్నతనమనేవాళ్లున్నారు. నేననను. నువ్వే ఒక నకలువి. అసలు పోయాక నిలిచినవాడివి.

బొమ్మలు నేర్చే పిల్లలు గుంపులుగా వస్తుంటారు. స్తంభాలకు చేరగిలబడి, మోకాళ్ల మీద అట్టలు పెట్టుకొని, నిన్ను దించుకుంటుంటారు. కుళ్లాయి వాళ్లకు తొందరగా కుదురుతుంది. ఉత్తరీయం సుడి దగ్గర కాస్త తంటా. కన్ను దగ్గర అందరూ ఆగిపోతారు. ఒకరిది మరీ పెద్దదవుతుంది, ఒకరిది కోపంగా వస్తుంది, ఒకరిది నిద్రపోతుంది. చెరుపుతారు, గీస్తారు, మళ్లీ చెరుపుతారు, ఒకరి అట్టలోకి ఒకరు తొంగిచూసి పకపకా నవ్వుతారు. ఆ వచ్చీరాని కళ్లన్నీ నీకు చుట్టాలే. నేను వాళ్ల పక్కకు చేరి ఒక్కటే గొడవ పెట్టుకుంటాను: బొమ్మ ఎట్లా వచ్చినా సరే, కాగితం మూలన మీ పేరు రాయండి, ఊరి పేరు కూడా రాయండి!